పాత విల్లీస్ సీజే-3బి ప్రాజెక్టు డైరీ: మోడిఫికేషన్ కంటే ముందు అరుగుదల లెక్క

ఈ సీజే-3బి జీపుతో పాటు ఒక అట్టపెట్టె నిండా సామాను కూడా వచ్చింది. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ వణుకుని అణిచేది), పొడుగు షాకిల్స్ (కమాన్ పట్టీల స్ప్రింగుని ఛాసిస్‌కి తగిలించే ఊగే కొక్కేలు), ముందు చక్రాలకి డిస్క్ బ్రేకు బ్రాకెట్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు, డబుల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ని తోసేది). పాత ఓనరు బండి ఇబ్బంది పెట్టినప్పుడల్లా ఒక్కో పార్టు కొన్నాడు గానీ బిగించే ఓపిక లేకపోయింది, నిజం చెప్పాలంటే నాకు మేలే చేశాడు. ఈ పాత బండ్ల మీద చేసే మోడిఫికేషన్లు చాలావరకు అరిగిపోయిన ఇంకో పార్టుని కప్పిపుచ్చడానికే చేస్తారు, అసలు రోగం అలాగే ఉంటుంది. అందుకని ఒకటే రూలు పెట్టుకున్నా: ప్రతి జాయింటు, ప్రతి బేరింగు ఎంత అరిగిందో కొలవాలి, ఫ్యాక్టరీ లెక్కకి తేవాలి, నడిపి చూడాలి, అప్పటికీ చాలదనిపిస్తేనే పెట్టె తెరవాలి.

బండి గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. విల్లీస్ జీపుల్లో బానెట్ ఎత్తుగా, గ్రిల్ పొడుగ్గా కనిపించేది ఇదే. 1953లో మొదలై 1968 దాకా వచ్చింది. అందం కోసం ఎత్తిన బానెట్ కాదది. అంతకు ముందు గో-డెవిల్ ఇంజన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి, ఈ హరికేన్ ఎఫ్-హెడ్‌లో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోకి వెళ్ళాయి, ఎగ్జాస్టు వాల్వులు కింద బ్లాకులోనే ఉండిపోయాయి. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగి పాత బానెట్ కింద పట్టలేదు. 134 క్యూబిక్ అంగుళాలు, అంటే 2.2 లీటర్లు అలాగే ఉండి పవర్ మాత్రం 60 హార్స్ పవర్ నుంచి 75కి వెళ్ళింది. వీల్ బేస్ 80 అంగుళాలు. లైసెన్సు మీద ఇండియాలో మహీంద్రా, జపాన్‌లో మిత్సుబిషి కూడా ఈ మోడల్ చేశాయి, మిత్సుబిషి అయితే 1998 దాకా చేస్తూనే ఉంది. కాబట్టి పార్టులకి కొరత లేదు, కొలతలు సరిపోయే పార్టులకి మాత్రం కొరతే.

టబ్ (బాడీ) లేపడం

ముందు పెట్రోల్ ట్యాంకు తీసేశాం. ఇందులో ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది, అంటే ఫ్లోరు మీద గ్రైండర్ పెట్టినా వెల్డింగ్ పెట్టినా నిప్పురవ్వ పడేది దాని పక్కనే. ఖాళీ ట్యాంకే కదా అనుకోకూడదు, నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. తీసి షెడ్డు బయట పెట్టాకే మిగతా పని.

టబ్ బోల్టుల్లో సగం పానాకి లొంగాయి, మిగతావి కోసేయాల్సి వచ్చింది. పైనుంచి చూస్తే ఫ్లోరు పర్లేదు అనిపించింది గానీ కింద టోపీ ఆకారంలో ఉండే హ్యాట్ చానెల్స్‌లో స్క్రూ డ్రైవర్ పెట్టి పొడిస్తే ఎండిన బురద కడ్డీల్లా ఊడి వచ్చింది, దాంతో పాటు చానెల్ కూడా. నీళ్ళు లోపలికి పోతాయి, బురద పట్టుకుని కూర్చుంటుంది, తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది, పైన పెయింటు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. టింకరింగ్ చేసే అన్న వచ్చి సుత్తితో రెండు తట్టి "తమ్ముడూ, ఇది అతుకులేస్తే ఆగేది కాదు, చానెల్ మొత్తం మార్చు, మధ్యలో నీళ్ళు కారే బెజ్జాలు పెట్టించు" అన్నాడు. అలాగే చేశాం, కొత్త చానెల్స్ లోపల వెల్డింగ్ తర్వాత మైనం లాంటి కోటింగ్ కూడా కొట్టాం, ఎందుకంటే వెల్డింగ్ వేడికి లోపలి ప్రైమర్ ఎలాగూ కాలిపోతుంది.

ఛాసిస్ వంకర ఉందో లేదో చూడ్డానికి ఖరీదైన మెషిన్ ఏమీ అక్కర్లేదు. నాలుగు స్ప్రింగ్ బ్రాకెట్ల దగ్గర తూకపు దారం వేలాడదీసి నేల మీద చుక్కలు పెట్టి మూల నుంచి మూలకి టేపుతో కొలిస్తే చాలు, రెండు కర్ణాలు సమానంగా వస్తే ఛాసిస్ వంకర లేనట్టే. మాది రెండు మూడు మిల్లీమీటర్ల తేడాలో ఉంది, ఈ వయసుకి అది చాలా మంచి సంగతి.

చిన్న పార్టుల తుప్పు తీయడానికి వాషింగ్ సోడా నీళ్ళలో బ్యాటరీ చార్జర్ పెట్టి ఎలక్ట్రాలిసిస్ చేస్తున్నా. పార్టుకి నెగటివ్, పక్కన పడేసే మామూలు ఇనప ముక్కకి పాజిటివ్. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకుండా చూసుకోండి, దాన్నుంచి హెక్సావలెంట్ క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది, అది విషం. బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, గాలి ఆడే చోట పెట్టాలి.

కమాన్లు, ఎడమ మరల గొడవ

ఈ బండిలో షాకిల్స్ యు ఆకారంలో ఉంటాయి, రెండు కాళ్ళకీ మర ఉంటుంది, వాటి మీదకి మరలున్న బుష్షులు ఎక్కుతాయి. తర్వాతి బండ్లలో రబ్బరు బుష్షులు వచ్చాయి. అసలు కిటుకు ఏంటంటే నాలుగు షాకిల్స్‌లో రెండిటికి ఎడమ మర: ముందు ఎడమ వైపుది, వెనక కుడి వైపుది. గుర్తుపట్టడం తేలికే, ఎడమ మర షాకిల్ కాలు మీద చిన్న బొడిపె ఉంటుంది, ఎడమ మర బుష్షు తల చుట్టూ గాడి ఉంటుంది, కుడి మర బుష్షు తల సాదాగా ఉంటుంది. బురద కడగకుండా పొడుగు పైపు తగిలించి బలంగా తిప్పే వాళ్ళకి ఈ గుర్తులేవీ కనపడవు, మర కోసుకుపోయాక తెలుస్తుంది. మా బండికి ఎవరో ఇంతకు ముందే ఆ పని చేసి పెట్టారు, ఒక మూల బుష్షు అడ్డంగా ఎక్కి ఉంది.

కొత్త బుష్షు ఎక్కించేటప్పుడు తల వెళ్ళి బ్రాకెట్‌కి ఆనుకునేదాకా బిగించకూడదు, ఒక మిల్లీమీటరుకి కాస్త తక్కువ, లెక్క ప్రకారం అంగుళంలో 32వ వంతు సందు వదలాలి. సందు లేకపోతే షాకిల్ ఊగదు, కమాన్ పని చేయదు, బండి బల్ల మీద కూర్చున్నట్టు ఎగురుతుంది. జీపు అంటేనే నడుము విరిచేస్తుంది అని పేరొచ్చింది గానీ, గ్రీజు ఎరగని షాకిల్స్‌కీ, తుప్పుతో అతుక్కుపోయిన కమాన్ పట్టీలకీ ఆ పేరులో పెద్ద వాటా ఉంది. పట్టీలన్నీ విడదీసి, అంచులు గ్రైండింగ్ చేసి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు పూసి మళ్ళీ కట్టాం. చేత్తో బంపర్ మీద నొక్కితే బండి దిగి లేస్తోంది, ముందు అసలు కదిలేదే కాదు.

పెట్టెలోని పొడుగు షాకిల్స్ సంగతి: షాకిల్ పొడవు రెండు అంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు ఒక అంగుళం. ఆ అంగుళం కోసం యాక్సిల్ తిరిగి క్యాస్టర్ కోణం (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే పిన్ను వెనక్కి వాలిన కోణం) మారిపోతుంది, కమాన్ పక్కకి ఊగడం పెరుగుతుంది. కమాన్ కింద ఉన్న యాక్సిల్‌ని పైకి తెచ్చే పద్ధతి ఉంది, దాంతో నాలుగైదు అంగుళాలు లేస్తుంది, కానీ 80 అంగుళాల వీల్ బేస్‌లో వెనక ప్రొపెల్లర్ షాఫ్టు ఎంత పొట్టిదో ఒకసారి కింద పడుకుని చూస్తే ఆ ఆలోచన దానంతట అదే పోతుంది. షాఫ్టు పొట్టిదైన కొద్దీ అదే ఎత్తుకి క్రాస్ జాయింటు కోణం నిటారుగా అవుతుంది. షాకిల్స్ పెట్టెలోనే ఉంటాయి.

ఫ్రంట్ యాక్సిల్, స్టీరింగ్

ఎక్కువ టైమ్ పట్టింది దీనికే, రాయాల్సింది కూడా దీని గురించే ఎక్కువ.

కంప్లైంటు ఇది: 50 దాటాక చిన్న గుంట తగిలితే ముందు చక్రాలు రెండూ గజగజా కొట్టుకోవడం మొదలుపెడతాయి, బండి దాదాపు ఆపేదాకా ఆగవు. నడిపిన వాళ్ళకి తెలుసు, స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కుంటుంది. దీనికి మందుగా పాత ఓనరు కొన్నది డ్యాంపర్. డ్యాంపర్ వేస్తే కొట్టుకోవడం కనపడకుండా పోతుంది, లోపల లూజు మాత్రం అలాగే ఉండి ఇంకా అరుగుతుంది.

ముందు చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోంది. ఆడేది వీల్ బేరింగా, కింగ్ పిన్నా (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే పిన్ను) తేల్చుకోవాలంటే ఒకరు లోపల బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోవాలి, బ్రేకు పట్టాక ఆడటం ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్ పిన్. మాకు రెండూ ఉన్నాయి. వీల్ బేరింగ్ తేలిక: చక్రం తిప్పుతూ లోపలి నట్టు బిగుసుకునేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పి, లాక్ వాషర్ వంచి, బయటి నట్టు వేయడమే.

కింగ్ పిన్ పని అంత తేలిక కాదు. ఈ యాక్సిల్ చివర పెద్ద ఇనప బంతి ఉంటుంది, దాని చుట్టూ నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) కప్పి ఉంటుంది, పైనా కిందా టేపర్ రోలర్ బేరింగుల మీద తిరుగుతుంది. సిరీస్ ల్యాండ్ రోవర్‌లోనూ, టయోటా ఎఫ్‌జే40లోనూ ఇలాంటి మూసి ఉన్న నకిలే, కాబట్టి అవి ఉన్నవాళ్ళకీ ఈ పని వాసన తెలిసే ఉంటుంది, వాసన అంటే నిజంగా వాసనే, ఏళ్ళ తరబడి నీళ్ళతో కలిసిన గేర్ ఆయిల్ మజ్జిగ రంగులో బయటికొస్తుంది. విప్పాక కింది బేరింగ్ గిన్నెలో రోలర్ల అచ్చులు వరసగా గుంటలు పడి ఉన్నాయి, వేలి గోరు పెట్టి లాగితే టకటక తగులుతోంది. బండి నేరుగా పోతున్నంతసేపూ రోలర్లు ఒకే చోట దెబ్బలు తింటాయి, అందుకే గుంటలు సరిగ్గా నేరుగా ఉన్న పొజిషన్‌లోనే పడతాయి. ఫలితంగా స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు లూజు, తిప్పితే బిగుతు. దీన్ని షిమ్ములు (సందు సరిచేసే పలచటి రేకులు) తీసి బిగించి సరిచేయబోతే తిప్పినప్పుడు ఇరుక్కుంటుంది. బేరింగూ గిన్నే రెండూ కొత్తవే వేయాలి, ఇంకో దారి లేదు.

కొత్త బేరింగులు వేశాక బిగుతు కొలవడానికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. బంతి మీద ఉండే సీలు ఆ టైమ్‌లో ఉండకూడదు, సీలు రాపిడి కూడా త్రాసులో కలిసిపోయి బేరింగ్ బిగుతుగా ఉన్నట్టు అబద్ధం చెబుతుంది. స్టీరింగ్ కదలికని చక్రాలకి అందించే టై రాడ్ కూడా విప్పి ఉండాలి. పైనా కిందా షిమ్ములు సమానంగా పంచితేనే షాఫ్టు నడిమధ్యలో ఉంటుంది. మాన్యువల్లో చెప్పిన బిగుతు వచ్చేదాకా పలచటి షిమ్ము ఒకటి తీస్తూ, మళ్ళీ బిగిస్తూ, మళ్ళీ లాగుతూ కూర్చున్నా, రేడియో పెట్టుకుని చేసుకునే పని ఇది. బంతి మీద తుప్పు గుంటలుంటే ఎంత మంచి సీలు వేసినా కారుతుంది, అందుకని గుంటల్లో మెటల్ ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక సన్న ఎమరీతో నున్నగా రుద్దాం.

తర్వాత బెల్ క్రాంక్. స్టీరింగ్ బాక్సు నుంచి డ్రాగ్ లింక్ వచ్చి మధ్యలో పిన్ను మీద తిరిగే ఈ ముక్కని లాగుతుంది, అది టై రాడ్లని కదిలిస్తుంది. ఆ పిన్ను అరిగితే స్టీరింగ్ బాక్సు కొత్తదైనా బండి రోడ్డంతా తనదే అన్నట్టు పోతుంది. ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా కదిలిస్తుంటే నేను కింద పడుకుని బెల్ క్రాంక్ మీద వేలు పెట్టి చూశా, తిరగడానికి ముందు పైకీ కిందికీ ఎగురుతోంది. పిన్నూ నీడిల్ బేరింగులూ మార్చాం. ఈ లక్షణానికి చాలామంది రాస్ స్టీరింగ్ బాక్సు పీకేసి వేరే కంపెనీ బాక్సు వేస్తారు, పవర్ స్టీరింగ్ కావాలనుకుంటే సరే గానీ లూజు తీయడానికైతే అది చుట్టుదారి.

చివర్లో టో-ఇన్, అంటే ముందు చక్రాలు ముందు వైపు ఎంత లోపలికి తిరిగి ఉన్నాయో ఆ కొలత. ఫ్యాక్టరీ లెక్క క్యాస్టర్ 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) ఒకటిన్నర డిగ్రీ, టో-ఇన్ అంగుళంలో 64వ వంతులు మూడు నుంచి ఆరు, మిల్లీమీటర్లలో సుమారు 1.2 నుంచి 2.4. టైరు మధ్యలో సుద్దగీత గీసి, ముందూ వెనకా కొలిచి సెట్ చేశాం. రోడ్డు మీద 70 దాకా వెళ్ళి, కావాలనే గుంటల్లో పోనిచ్చా. వణుకు లేదు. డ్యాంపర్ బిగించలేదు, బిగించను కూడా.

బ్రేకులు

ఈ జీపుల బ్రేకుల మీద చెప్పని తిట్టు లేదు. 9 అంగుళాల డ్రమ్ములు, అవి చాలవు అని అందరూ 11 అంగుళాల డ్రమ్ములకో డిస్కులకో వెళ్తారు. వెళ్ళేవాళ్ళని తప్పుపట్టను, పెద్ద ఇంజన్, పెద్ద టైర్లు వేస్తే అవి కావాల్సిందే. కానీ మన బండి 75 హార్స్ పవర్‌ది, సన్న టైర్లది.

వెనక హబ్బు తీయడం గురించి ఒక మాట, ఎందుకంటే దెబ్బలు తగిలేది ఇక్కడే. వెనక షాఫ్టు చివర టేపర్ ఉంటుంది, హబ్బు దాని మీద బిగుసుకుని కూర్చుంటుంది, పుల్లర్ పెట్టి లాగితే ఒక్కసారిగా ఊడుతుంది. నట్టు మొత్తం తీసేయకుండా రెండు మూడు మరలు వదిలేసి లాగాలి, లేకపోతే హబ్బు డ్రమ్ముతో సహా ఎగిరి మీద పడుతుంది. మళ్ళీ బిగించేటప్పుడు కనీసం 150 పౌండ్ ఫుట్, అంటే 200 న్యూటన్ మీటర్ల పైమాటే. కాటర్ పిన్ను బెజ్జం కలవకపోతే నట్టు ముందుకే తిప్పాలి, వెనక్కి తిప్పి కలపకూడదు.

డ్రమ్ములోని ధూళి గాలితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, తడిపి తుడవాలి.

లోపల చూస్తే లైనర్లు కొత్తగానే ఉన్నాయి, కానీ డ్రమ్ముకి తగిలిన గుర్తు మధ్యలో రూపాయి బిళ్ళంత. మిగతాదంతా మెరుపు లేకుండా అలాగే ఉంది. దాని అర్థం షూ వంపూ డ్రమ్ము వంపూ కలవలేదు, పైగా కింద యాంకర్ పిన్నులు ఎవరూ ముట్టుకోలేదు. ఈ బ్రేకుల్లో అడ్జస్ట్‌మెంట్ రెండు చోట్ల ఉంటుంది. పైన క్యామ్ తిప్పడం అందరికీ తెలుసు. కింద యాంకర్ పిన్నులు కూడా ఎసెంట్రిక్కే (మధ్య తప్పి తిరిగేవే), అవి తిప్పి షూ మడమని డ్రమ్ముకి దగ్గరగా తేవాలి, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే రేకులతో) కింద మడమ దగ్గర 5 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), పైన కొన దగ్గర 8 థౌ. లైనర్లని డ్రమ్ము వంపుకి తగ్గట్టు రుద్దించి, యాంకర్లు సెట్ చేశాక పెడల్ సగంలోనే గట్టిగా నిలబడింది. చక్రాలు నాలుగూ బంకమట్టి మీద ఒకేసారి లాక్ అయ్యాయి.

అందుకే డిస్క్ బ్రాకెట్లు కూడా పెట్టెలోనే. కానీ మాస్టర్ సిలిండర్ మాత్రం పెట్టెలోంచి బయటికొచ్చింది, ఈ ప్రాజెక్టులో మొట్టమొదటి మోడిఫికేషన్ ఇదే. పాత సిలిండర్ ఒకే సర్క్యూట్, ఎక్కడో ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. ఇది అరుగుదల కాదు, డిజైన్ లోపం, ఎంత బాగా రిపేర్ చేసినా పోదు. ముందూ వెనకా విడివిడి లైన్లు వేసి, డ్రమ్ములకి కావాల్సిన 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వులు (పెడల్ వదిలాక కూడా లైన్లో కాస్త ఒత్తిడి నిలిపేవి) రెండు లైన్లలోనూ పెట్టాం. డిస్కులైతే 2 పీఎస్ఐవి వేయాలి, 10వి వేస్తే ప్యాడ్లు ఈడ్చుకుంటూ ఉంటాయి. పైపులన్నీ కొత్తవే కాబట్టి డాట్ 4 ఫ్లూయిడ్ పోశా, సిలికాన్ డాట్ 5ని దీంతో కలపకూడదు.

ఇంకో సంగతి, హ్యాండ్ బ్రేకు. ఇది చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచే పెట్టె) వెనక ఉన్న డ్రమ్ము మీద పని చేస్తుంది, ప్రొపెల్లర్ షాఫ్టుని పట్టుకుంటుంది. బాగుంటే బండి కొండ మీద కూడా నిలబడుతుంది. కానీ వెనక ఒక్క చక్రం జాకీతో లేపితే డిఫరెన్షియల్ పుణ్యమా అని లేచిన చక్రం ఒకవైపు తిరిగి, నేల మీదున్నది ఇంకోవైపు దొర్లుతుంది, హ్యాండ్ బ్రేకు వేసే ఉన్నా బండి కదిలిపోతుంది. చక్రాలకి అడ్డం రాళ్ళు పెట్టకుండా ఈ బండి కిందికి వెళ్ళొద్దు.

ఇంజన్

కంప్రెషన్ ఈ ఇంజన్‌లో 120 నుంచి 130 పీఎస్ఐ రావాలి. మూడు సిలిండర్లు దగ్గర దగ్గరగా వచ్చాయి, ఒకటి 90 దగ్గర ఆగిపోయింది. అందులో కాస్త ఆయిల్ పోసి మళ్ళీ చూసినా పెరగలేదు, అంటే రింగులు కాదు వాల్వు. ఎగ్జాస్టు టప్పెట్ సందు (వాల్వుకీ దాన్ని తోసే ముక్కకీ మధ్య సందు) చూస్తే అసలు లేదు, ఫీలర్ గేజ్ దూరలేదు. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే వేడి సీటులోకి దిగదు, అంచు కాలిపోతుంది. హెడ్ తీయక తప్పలేదు.

ఎఫ్-హెడ్ తీసేవాళ్ళందరికీ ఒకటే మాట: కార్బురేటర్ విప్పి ఆ బెజ్జం లోపలికి టార్చి వేసి చూడండి, లోపల ఒక హెడ్ బోల్టు దాక్కుని ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ హెడ్‌లోనే పోత పోసి ఉండటం వల్ల ఆ బోల్టు దారి మధ్యలో పడింది. అది తీయకుండా బయటివన్నీ తీసి గడ్డపార పెట్టి లేపితే హెడ్ పగులుతుంది.

ఎగ్జాస్టు వాల్వులు బ్లాకులో ఉంటాయి కాబట్టి పక్క మూత తీసి స్ప్రింగులు నొక్కి లాకులు తీయాలి. ఆ గదిలో అడుగున ఆయిల్ కిందికి దిగే బెజ్జాలుంటాయి, వాటిలో గుడ్డ కుక్కాకే చేయి పెట్టాలి, వాల్వు లాకు ఒక్కటి జారి పడిందంటే ఆయిల్ సంప్ విప్పాలి. వాల్వు కొత్తది వేసి, సీటు రుద్ది, కోల్డ్‌లో ఇన్‌టేక్ 18 థౌ, ఎగ్జాస్టు 16 థౌ పెట్టి, హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మెట్లు మెట్లుగా 60 నుంచి 70 పౌండ్ ఫుట్ దాకా బిగించాం. ఇప్పుడు నాలుగూ 120 పైనే.

ఇగ్నిషన్ కిట్టు మీద కాస్త ఊగిసలాడా. పాయింట్లు (స్పార్కు కోసం కరెంటుని తెంచే కాంటాక్టులు) 20 థౌ పెట్టి డ్వెల్ మీటరు (అవి ఎంతసేపు మూసి ఉంటాయో చూపేది) తగిలిస్తే స్పీడు పెంచే కొద్దీ ముల్లు ఊగుతోంది, అంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు బుష్షు అరిగింది. షాఫ్టు ఊగుతుంటే పాయింట్ల సందు ప్రతి చుట్టుకీ మారుతుంది, కిట్టు వేస్తే ఆ తేడా కొంత దాక్కుంటుంది గానీ టైమింగ్ మాత్రం ఊగుతూనే ఉంటుంది. బుష్షు మార్చి పాయింట్లే ఉంచా. కిట్టు చెడ్డదని కాదు, అడవి మధ్యలో పాయింట్లని ఎమరీ ముక్కతో రుద్ది ఇంటికి రావచ్చు, ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌తో ఆ అవకాశం లేదు. కండెన్సర్ స్పేర్ ఒకటి డ్యాష్ కింద కట్టి పెట్టుకున్నా, కొత్తగా వచ్చే కండెన్సర్ల నాణ్యత మీద నాకు నమ్మకం లేదు.

పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్న చోట పాత రబ్బరు పైపులూ, పంపు డయాఫ్రమ్మూ మెత్తబడి ఊడిపోతాయి. రెండూ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేశాం.

వైరింగ్ (త్వరగా)

ఈ బండి ఎప్పుడో 6 వోల్టుల నుంచి 12కి మారింది, మార్చినవాళ్ళు అతుకులకి టేపు చుట్టి దేవుడికి వదిలేశారు. మొత్తం పీకి కొత్త హార్నెస్ వేశా. సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే మోటారు మార్చేముందు వోల్టేజి డ్రాప్ చూడండి: సెల్ఫ్ కొడుతూ ఉండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మీటరు పెడితే అర వోల్టు దాటకూడదు. మాది రెండు వోల్టులకి దగ్గర్లో చూపించింది. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య లావుపాటి ఎర్త్ పట్టీ ఒకటి వేస్తే సెల్ఫ్ కొత్తదానిలా తిరిగింది.

గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు

టీ-90 మూడు గేర్ల బాక్సు, దాని వెనక స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్. గేర్‌బాక్స్‌లో ఆయిల్ లెవెల్ తగ్గుతోంది, ట్రాన్స్‌ఫర్‌లో పెరుగుతోంది. ఎక్కడా కారట్లేదు, రెండిటి మధ్య నుంచే అటు పోతోంది. ఇది ఈ జోడీకి పాత అలవాటే, ట్రాన్స్‌ఫర్‌లో ఆయిల్ పొంగిపొర్లి సీళ్ళ దగ్గర కారుతుంటే సీలు పోయిందని సీళ్ళు మారుస్తూ ఉంటారు, అదే టైమ్‌లో గేర్‌బాక్స్ ఎండిపోతూ ఉంటుంది. మధ్య బేరింగ్ దగ్గర సీలు వేసి, రెండు లెవెళ్ళూ తరచుగా చూస్తున్నా. పోసింది జీఎల్-4 గేర్ ఆయిల్. జీఎల్-5లో ఉండే రసాయనాలు కొన్ని ఇత్తడి, కంచు సింక్రో రింగుల్ని తినేస్తాయి.

లో గేర్ లెక్క ఒకటి చెప్పాలి, నాకు ఈ బండి నచ్చేదే ఇందుకు. ఫస్ట్ గేర్ 2.798, ట్రాన్స్‌ఫర్ లో 2.46, క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి గేరు) 5.38, మూడూ గుణిస్తే సుమారు 37. ఇంజన్ వెయ్యి చుట్లు తిరుగుతుంటే బండి గంటకి మూడున్నర కిలోమీటర్ల పైన కాస్త, అంటే మనిషి నడక కంటే నెమ్మది. 75 హార్స్ పవర్‌తో అంత నిటారు గట్టు ఎక్కడం చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు ఈ గుణకారం చేయలేదన్నమాట.

అదే 5.38 రోడ్డు మీద శత్రువు. 6.00-16 టైర్లతో 80 కిలోమీటర్ల స్పీడులో ఇంజన్ దాదాపు 3200 చుట్లు తిరుగుతుంది, చెవులు హోరెత్తుతాయి. దీనికి మందు రెండు రకాలు. ఒకటి 7.00-16 టైర్లు, ఎత్తు పెరిగి చుట్లు కాస్త తగ్గుతాయి, బరువు మాత్రం స్టీరింగ్ మీదా, ఇప్పుడే సెట్ చేసిన కింగ్ పిన్ బేరింగుల మీదా పడుతుంది. రెండోది ట్రాన్స్‌ఫర్ వెనక పీటీఓ (బయటి మెషిన్లకి పవర్ ఇచ్చే) బెజ్జంలో ఎక్కే 25 శాతం ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేరు), 3200ని 2400కి దించుతుంది, లో రేంజ్‌లోనూ పని చేస్తుంది కాబట్టి గేర్ల మధ్య ఖాళీలు కూడా నిండుతాయి. ఇది కూడా అరుగుదలతో సంబంధం లేని అవసరమే, కాబట్టి నా రూలుకి అడ్డం రాదు. నా ఓటు ఓవర్‌డ్రైవ్‌కే.

కానీ దానికి ముందు ట్రాన్స్‌ఫర్ ఇంటర్మీడియట్ షాఫ్టు చూడాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు గుర్ర్‌ర్ మని వచ్చే చప్పుడు అక్కడిదే అని నా అనుమానం. షాఫ్టు సైజు 1946కి ముందు ముప్పావు అంగుళం, తర్వాత ఒకటీ ఒకటి బై ఎనిమిది, 1953 నుంచి ఒకటింపావు, అంటే మన బండికి లావుది రావాలి, కానీ చేతులు మారిన బండిలో ఏ కేసు ఉందో విప్పితే గానీ తెలియదు. ఆయిల్ దించి పెట్టా, అడుగున అయస్కాంతానికి సన్నటి ఇనప పొడి తగిలింది, రోలర్ ముక్కలు మాత్రం లేవు. షాఫ్టు కొలిచాక సైజుతో సహా తర్వాతి ఎంట్రీలో రాస్తా, ఓవర్‌డ్రైవ్ ఆర్డర్ అప్పటిదాకా ఆపా.